జియోగ్రిడ్ గోడలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మట్టి పొరల మధ్య జియోగ్రిడ్ (కన్నాలున్న ప్లాస్టిక్ వల) పరిచి కట్టే రిటైనింగ్ గోడల (మట్టిని ఆపే గోడల) గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. కింద ఇచ్చిన అంకెలు విషయం అర్థం కావడానికి, డ్రాయింగ్‌ను ప్రశ్నించడానికి పనికొస్తాయి. డ్రాయింగ్‌కు బదులుగా మాత్రం వాడకండి.

ప్రశ్న: జియోగ్రిడ్ చేత్తో చుట్టేయగలిగేంత పలచగా ఉంటుంది. అది ఆరు మీటర్ల మట్టిని ఎలా ఆపుతుంది? ముందున్న ప్యానెల్‌ను వెనక్కి లాగి పట్టుకునే తాడు అనుకోవచ్చా? (సివిల్ డిప్లొమా విద్యార్థి)

జవాబు: తాడు అనుకుంటే ఒక దగ్గర తప్పులో పడతారు. మట్టిని నొక్కితే తట్టుకుంటుంది, లాగితే తట్టుకోదు. ఎత్తుగా పోసిన మట్టి తన బరువుకే పక్కకు సాగాలని చూస్తుంది. పొరపొరకీ గ్రిడ్ పరిచి దిమ్మిస చేస్తే గింజలు గ్రిడ్ కన్నాల్లో బిగుసుకుంటాయి, రాపిడి వల్ల ఆ సాగుడు గ్రిడ్‌లోకి లాగుడుగా వెళ్తుంది. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టేవాళ్లు చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ గడ్డి ఎంత బలంగా ఉండాలో, ఎంత దూరానికి ఒకటి ఉండాలో ముందే లెక్క కడతారు.

ఇలా గ్రిడ్ పరిచిన మట్టి మొత్తం ఒకే దిమ్మలా పనిచేస్తుంది. వెనకున్న మామూలు మట్టిని ఆపేది ఆ దిమ్మే. ముందు కనబడే ప్యానెల్ గానీ బ్లాకు గానీ మట్టి రాలకుండా ఉంచే తొడుగు. గోడ అడుగు నుంచి వెనక్కి, నేలకు 45 + ఫై/2 డిగ్రీల వాలులో ఒక గీత గీయండి (ఫై అంటే మట్టి అంతర్గత ఘర్షణ కోణం). ఆ గీతకు ముందున్న త్రికోణం జారిపోవాలని చూస్తుంది, వెనకున్న గ్రిడ్ తోక దాన్ని పట్టుకుంటుంది. గ్రిడ్‌లో లాగుడు అన్నింటికన్నా ఎక్కువగా ఉండేది ఈ గీత దగ్గరే, ప్యానెల్ దగ్గర కాదు. తాడు పోలిక ఇక్కడే తప్పుతుంది. అలాగని ప్యానెల్ దగ్గరి బిగింపును తేలిగ్గా తీసుకోకూడదు, ముఖ్యంగా బ్లాకు గోడల్లో. బ్లాకుల మధ్య గ్రిడ్ నొక్కుకుని ఉండే బలం ఎంతో విడిగా పరీక్ష చేయించాలి (అమెరికన్ ప్రమాణ పరీక్ష ఏఎస్‌టీఎం డీ6638).

ఈ పద్ధతికి ఆధునిక రూపం ఇచ్చినవాడు ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ విడాల్. 1963లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయన వాడినవి ఉక్కు పట్టీలు. 1970ల మొదట్లో జియోటెక్స్‌టైల్‌తో (మట్టిలో వాడే ప్లాస్టిక్ బట్టతో) గోడలు కట్టారు. ఆ దశాబ్దం చివర్లో, 1980ల మొదట్లో జియోగ్రిడ్‌లు వచ్చాయి.

ప్రశ్న: గోడ ఎత్తుకు 0.7 రెట్లు గ్రిడ్ పొడవు అంటారు. పొరల మధ్య అంతరం ఎంత, గ్రేడ్ (గ్రిడ్ బలం) ఎంత అన్నది ఎలా తేలుస్తారు? ఒక ఉదాహరణ లెక్క చేసి చూపించండి. (చాలా మంది)

జవాబు: 0.7 అనేది మొదలుపెట్టడానికి మాత్రమే. అమెరికన్ పద్ధతిలో పొడవు ఎత్తుకు 0.7 రెట్లకు గానీ 2.4 మీటర్లకు గానీ, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి తగ్గకూడదు. పైన రోడ్డు ఉన్నా, పైనేల ఏటవాలుగా ఉన్నా, అడుగు నేల మెత్తగా ఉన్నా పొడవు పెరుగుతుంది.

6 మీటర్ల గోడ తీసుకుందాం. మట్టి బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు, ఫై 34 డిగ్రీలు, పైన వాహనాల భారం 12 కిలోపాస్కల్స్. ఫై 34కి పక్క ఒత్తిడి గుణకం 0.283 వస్తుంది. గ్రిడ్ పొడవు 4.2 మీటర్లు. పొరల మధ్య అంతరం 0.6 మీటర్లు పెడితే పై నుంచి 0.3, 0.9, 1.5 అలా 5.7 మీటర్ల లోతు దాకా పది పొరలు.

ముందు అట్టడుగు పొర చూడండి. 5.7 మీటర్ల లోతులో నిలువు ఒత్తిడి 18 × 5.7 + 12 = 114.6 కిలోపాస్కల్స్. పక్క ఒత్తిడి దానికి 0.283 రెట్లు, అంటే 32.4. ఒక్కో పొర 0.6 మీటర్ల ఎత్తును మోస్తుంది కాబట్టి గోడ పొడవులో మీటరుకు 19.5 కిలోన్యూటన్ల లాగుడు. భద్రతకు 1.5తో గుణిస్తే 29.2. గ్రిడ్‌కు ఏళ్ల తరబడి నిలిచే బలం ఇంత ఉండాలి. రోల్ మీద రాసిన బలం వేరు, ఏళ్ల తరబడి నిలిచేది వేరు. ఆ సంగతి గ్రేడ్ గురించిన ప్రశ్నలో చెబుతాం. తగ్గింపు గుణకాలన్నీ కలిపి 2.2 అనుకుంటే మీటరుకు దాదాపు 64 కిలోన్యూటన్ల గ్రిడ్ కావాలి. మార్కెట్లో దొరికే గ్రేడ్‌లలో 80 తీసుకుంటారు.

ఇప్పుడు పై పొర. ఇక్కడ తెగిపోతుందన్న భయం లేదు, ఊడి వస్తుందన్నదే భయం. 0.3 మీటర్ల లోతులో జారే గీత గోడకు 3.03 మీటర్ల వెనక ఉంటుంది. 4.2లో అది పోగా పట్టుకు మిగిలేది 1.17 మీటర్లు. ఈ పట్టు పొడవు 1 మీటరుకు తగ్గకూడదు. దాని మీద నొక్కే మట్టి బరువు 5.4 కిలోపాస్కల్సే. పట్టు లెక్కలో వాహనాల భారం కలపరు, ఎందుకంటే వాహనం ఎప్పుడూ అక్కడే ఉండదు. రాపిడి గుణకం 0.45, సాగే గుణానికి తగ్గింపు 0.8, గ్రిడ్‌కు పైనా కిందా రెండు ముఖాలు: అన్నీ గుణిస్తే 4.55 కిలోన్యూటన్లు. 1.5తో భాగిస్తే 3.03. ఆ పొర మీద పడే లాగుడు, ఈసారి వాహనాల భారంతో సహా, 2.95. గట్టెక్కింది, కానీ అంచు మీద. పై పొర గ్రిడ్‌ను అర మీటరు కత్తిరిస్తే ఏమీ కాదులే అనేవాళ్లకు ఈ అంకెలు చూపించండి. కింది పొరల్లో ఊడే ప్రమాదం చాలా తక్కువ, పై రెండు పొరల్లోనే ఉంటుంది.

ఇదంతా దిమ్మ లోపలి లెక్క. దిమ్మ మొత్తంగా నిలబడుతుందా అన్నది ఇంకో లెక్క. వెనక మట్టి, అడుగు నేల రెండింటి ఫై 30 అనుకుంటే మీటరు గోడకు దిమ్మ బరువు 454 కిలోన్యూటన్లు, తోపు 132. జారడానికి ఎదురు నిలిచే బలం తోపుకు దాదాపు రెండింతలుంది, 1.5 ఉంటే చాలు. బరువు కేంద్రం పక్కకు జరిగేది 0.635 మీటర్లు, అనుమతించేది పొడవులో ఆరో వంతు అంటే 0.7. అడుగు నేల మీద ఒత్తిడి చాలామంది అనుకునే 120 కిలోపాస్కల్స్ కాదు, ఈ పక్క జరుగుడు వల్ల ముందు భాగంలో దాదాపు 165. అడుగున మెత్తని నేల ఉంటే గోడ గతిని తేల్చేది ఇదే. గ్రిడ్ గ్రేడ్ పెంచితే ఆ అంకె కదలదు, పొడవు పెంచాలి లేదా నేలను బాగుచేయాలి. గోడను, నేలను కలుపుకుని లోతుగా జారే అవకాశాన్ని కూడా విడిగా చూడాలి. దానికి కనీసం 1.3, ముఖ్యమైన కట్టడం దగ్గర 1.5 భద్రత అడుగుతారు.

అంతరం సంగతి: 0.8 మీటర్లు మించకూడదు. బ్లాకు గోడలకు 0.6 దాటకపోతే మేలు. బలమైన గ్రిడ్ తీసుకుని అంతరం పెంచడం కాగితం మీద ఆదా. రెండు పొరల మధ్య బ్లాకులు ఉబ్బడం అలాంటి గోడల్లోనే ఎక్కువ.

ప్రశ్న: తవ్వగా వచ్చిన బంకమట్టి సైట్‌లోనే గుట్టగా ఉంది. దాన్నే ఫిల్లింగ్‌కు వాడి గ్రిడ్ గ్రేడ్ పెంచితే సరిపోదా? (కాంట్రాక్టరు)

జవాబు: సరిపోదు. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే వస్తున్న ఉత్తరాల్లో సగం చివరికి ఇక్కడికే వస్తున్నాయి.

పైన లెక్కలో ఫై 34 బదులు 28 పెట్టి చూడండి. పక్క ఒత్తిడి గుణకం 0.283 నుంచి 0.361కి పోతుంది. ప్రతి పొర మీదా 28 శాతం అదనపు లాగుడు. దీనికి గ్రేడ్ పెంచవచ్చు. కానీ జారే గీత కూడా వెనక్కి జరుగుతుంది, పై పొరకు పట్టు పొడవు 1.17 నుంచి 0.78 మీటర్లకు పడిపోతుంది. దానికి గ్రేడ్ మందు కాదు.

అసలు సమస్య నీరు. బంకమట్టి నీటిని వదలదు. వాన నీరు దిమ్మలోకో, దాని వెనక్కో చేరి నిలిచిందనుకోండి. మన 6 మీటర్ల గోడ మీద ఎండిన మట్టి తోపు, వాహనాలు కాకుండా, మీటరుకు 92 కిలోన్యూటన్లు. నీరు పైదాకా నిలిస్తే నీటి తోపు ఒక్కటే 177. నీటిలో మునిగిన మట్టి తేలికై దాని తోపు కొంత తగ్గినా మొత్తం రెండున్నర రెట్లవుతుంది. సాధారణ గోడల డిజైన్‌లో ఈ భారం కలపరు, నీరు నిలవదన్న నమ్మకం మీద కడతారు. పైగా పొడిగా ఉన్నప్పుడు బంకమట్టి గట్టిగా నిలబడి మోసం చేస్తుంది. మొదటి పెద్ద వానకు ఆ గట్టితనం కరిగిపోతుంది.

రాబర్ట్ కోర్నర్, జార్జ్ కోర్నర్ ఇలా విఫలమైన 171 జియోసింథటిక్ (మట్టిలో వాడే ప్లాస్టిక్ గ్రిడ్‌లు, బట్టలు) గోడల వివరాలు పోగుచేసి 2013లో ప్రచురించారు. వాటిలో 61 శాతం గోడల్లో సిల్టు లేదా బంకమట్టి పోశారు. 60 శాతం వైఫల్యాలకు లోపలి నీరో బయటి నీరో కారణం. 86 శాతం నాలుగేళ్లలోపే పోయాయి. 98 శాతం డిజైన్ లేదా నిర్మాణ లోపాలే. గ్రిడ్ నాసిరకం కావడం ఆ జాబితాలో దాదాపు కనబడదు.

మరి ఎలాంటి మట్టి? 0.075 మి.మీ. జల్లెడ దాటేది 15 శాతం మించకూడదు. 0.425 మి.మీ. జల్లెడ దాటేది 60 శాతంలోపు. ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి బంకతనాన్ని చెప్పే అంకె) 6 మించకూడదు. గింజ గరిష్ఠ పరిమాణం జియోసింథటిక్‌కు 19 మి.మీ. దగ్గర ఆపడం మంచిది. అంతకన్నా పెద్ద రాయి వాడాలంటే ఆ రాయితోనే గ్రిడ్‌కు ఎంత గాయమవుతుందో పరీక్ష చేయించాలి (ఏఎస్‌టీఎం డీ5818). మంచి మొరం, ఇసుక, గ్రేడింగ్ సరిపోయే క్రషర్ మెటీరియల్ ఈ పరిధిలోకి వస్తాయి. క్రషర్ డస్ట్ అన్నంత మాత్రాన పాసైనట్టు కాదు, 0.075 జల్లెడ దగ్గర చాలా లోడ్లు తప్పుతాయి. లారీ లోడు చూసి కాదు, జల్లెడ రిపోర్టు చూసి దింపించుకోండి.

పరిమాణం కూడా ముందే చూసుకోండి: మన ఉదాహరణలో మీటరు గోడకు దిమ్మలో పట్టేది 25 ఘనపు మీటర్ల దిమ్మిస చేసిన మట్టి. దిమ్మిస చేయక వదులుగా దింపే లోడుల్లో ఇంకా ఎక్కువ. గోడ ఖర్చులో పెద్ద భాగం మట్టే కాబట్టి ఆదా చేయాలన్న కోరిక అక్కడే పుడుతుంది. మీ బంకమట్టిని దిమ్మ వెనక, గ్రిడ్ లేని చోట వాడే వీలుంటుంది. ఆ మట్టి అసలు ఫై విలువతో బయటి స్థిరత్వం లెక్క కట్టి, దిమ్మకూ దానికీ మధ్య డ్రైనేజీ పొర పెట్టాలి.

ప్రశ్న: గ్రిడ్ రోల్‌ను గోడ వెంబడి పొడవునా పరిస్తే పని త్వరగా అయిపోతుంది. ముక్కలు కోయడం దేనికి? (సైట్ సూపర్‌వైజర్)

జవాబు: గోడ కూలిపోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు. రిటైనింగ్ గోడకు వాడే ఏకదిశ గ్రిడ్‌కు బలం రోల్ విప్పే దిశలో ఉంటుంది, అడ్డంగా ఉండేది నామమాత్రం. రోల్ విప్పే దిశ గోడ ముఖానికి లంబంగా ఉండాలి. డ్రాయింగ్ పొడవుకు ముక్క కోసి, ముఖం నుంచి వెనక్కి పరచండి. ఆ పొడవులో అతుకు ఉండకూడదు: ఒకే ముక్క. పక్కపక్క ముక్కలు అంచులు ఆనుకుంటే చాలు. బయటికి వంపు తిరిగిన గోడల్లో వెనక ముక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారకుండా మధ్యలో కనీసం 75 మి.మీ. మట్టి ఉండాలి.

ప్రశ్న: ప్యానెళ్లు నిలువు గుండుకు సరిగ్గా పెట్టాం. నాలుగో వరుసకు వచ్చేసరికి కింది వరుసలు ముందుకు వాలాయి. కొన్నిచోట్ల మధ్యలో ఉబ్బు. గ్రిడ్ సాగిందా? (సైట్ ఇంజనీరు)

జవాబు: గ్రిడ్ కొంత సాగుతుంది. అది సహజం, దానికోసమే ప్యానెల్‌ను నిలువుగా పెట్టరు. మట్టి పోసేకొద్దీ ముందుకు వస్తుందని ముందే వెనక్కి వాల్చి పెడతారు: సుమారుగా మీటరు ఎత్తుకు 10 మి.మీ. ఎంత వాల్చాలో మొదటి ఒకటి రెండు వరుసల కదలిక కొలిచి సరిచూసుకోవాలి, ఎందుకంటే మీ మట్టి, మీ రోలర్ వేరు. 3 మీటర్ల కొలబద్ద పెడితే 20 మి.మీ. తేడా లోపు ఉండడం మామూలు పరిమితి.

మీరు రాసినదాన్ని బట్టి ఇంకో మూడు చోట్ల వెతకండి. మొదటిది, గ్రిడ్‌లో వదులు. బిగింపు దగ్గర 10 మి.మీ. వదులుంటే ప్యానెల్ 10 మి.మీ. ముందుకు వచ్చాకే గ్రిడ్ పని మొదలుపెడుతుంది. మట్టి పోయకముందే తోక దగ్గర కడ్డీతో లాగి, ముడతలు పోయాక మేకులతో నేలకు బిగించాలి. రెండోది, మట్టి నెట్టే దిశ. ముఖానికి ఒక మీటరు వెనక మొదలుపెట్టి తోక వైపు నెట్టాలి, ఆ తర్వాత ముఖం దగ్గరి మీటరు నింపాలి. డోజర్ వెనక నుంచి ముఖం వైపు నెడితే గ్రిడ్ అలలు కట్టి ప్యానెల్‌ను తోస్తుంది.

మూడోది, రోలర్. ఉబ్బుకు ఎక్కువగా అదే కారణం. ముఖం నుంచి 1 మీటరు లోపు పెద్ద రోలర్ రాకూడదు. వైబ్రేషన్ పక్క ఒత్తిడిని పెంచుతుంది, దాన్ని ఆపడానికి పైన బరువు లేని కొత్త ప్యానెల్‌కు శక్తి చాలదు. ఆ మీటరులో చేత్తో నడిపే ప్లేట్ కంపాక్టర్‌తో కనీసం మూడు పాస్‌లు, పొర మందం 150 మి.మీ. మించకుండా. వెనక మామూలు రోలర్‌తో 200–250 మి.మీ. పొరలు. ప్రామాణిక ప్రోక్టర్ సాంద్రతలో (ప్రయోగశాల దిమ్మిస పరీక్షలో వచ్చే గరిష్ఠ సాంద్రతలో) 95 శాతం రావాలి. తేమ గరిష్ఠ సాంద్రతకు కావలసిన దానికన్నా 2 శాతం తక్కువ నుంచి సమానం దాకా. తేమ ఎక్కువైతే మట్టి రోలర్ కింద మెత్తగా కదిలి ప్యానెల్‌ను నెడుతుంది. ఉదయం సరిగ్గా పెట్టిన ప్యానెల్ సాయంత్రానికి కదిలిందంటే ముందు తేమ చూడండి.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది: ప్యానెల్ కదులుతుందన్న భయంతో ముఖం దగ్గర దిమ్మిసే చేయకుండా వదిలేయడం. ఆ మట్టి తర్వాత కుంగుతుంది, దాంతో గ్రిడ్‌ను బిగింపు దగ్గర కిందికి లాగుతుంది, పైన రోడ్డు అంచు వెంబడి పగులు వస్తుంది.

గ్రిడ్ మీద 150 మి.మీ. మట్టి పడేదాకా చైను బండి ఎక్కనివ్వకండి. టైర్ల బండి నెమ్మదిగా దాటవచ్చు, అయితే బ్రేకు కొట్టకుండా, మలుపు తిప్పకుండా. ప్యానెళ్లను నిలపడానికి దూర్చే చెక్క చీలికలు మూడు వరుసలకు మించి కింద ఉండిపోకూడదు. పై వరుస నిలబెట్టి మట్టి పోశాక తీసేయాలి, లేకపోతే బరువు పడి ప్యానెల్ మూలలు చిట్లుతాయి. అడుగున వేసే లెవెలింగ్ ప్యాడ్‌లో ఉక్కు అక్కర్లేదు, 150 మి.మీ. మందం, 300 మి.మీ. వెడల్పు సాదా కాంక్రీటు చాలు. ప్యాడ్ లెవెల్ తప్పు మాత్రం పై వరుస దాకా పాకుతుంది, పైకి వెళ్లేకొద్దీ సరిచేయడం కష్టం. అందుకే ఆ ఒక్క పనికి ఎంత సమయమైనా ఇవ్వండి.

ప్రశ్న: పాలిస్టర్, హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ (మూడూ ప్లాస్టిక్ రకాలే) గ్రిడ్‌లు మూడింటి మీదా 80 అనే రాసుంది. చవకది తీసుకోవచ్చా? (కొనుగోళ్లు చూసే పాఠకుడు)

జవాబు: ఆ 80 ప్రయోగశాలలో కొద్ది నిమిషాల్లో లాగి తెంపినప్పుడు వచ్చే బలం (ఏఎస్‌టీఎం డీ6637). ప్లాస్టిక్‌ను బరువుతో దశాబ్దాల పాటు వేలాడదీస్తే నెమ్మదిగా సాగి చాలా తక్కువ బరువుకే తెగుతుంది. అందుకే మూడు గుణకాలతో భాగిస్తారు. సాగుడుకు: పాలిస్టర్‌కు 1.6–2.5, హెచ్‌డీపీఈకి 2.6–5, పాలీప్రొపిలీన్‌కు 4–5. పరిచేటప్పుడు తగిలే గాయాలకు: మెత్తని ఇసుకలో 1.1, పదునైన పెద్ద రాయిలో 2 దాటవచ్చు. రసాయన క్షీణతకు: 1.1–2.

సాగుడు ఒక్కటే తీసుకున్నా 80 రాసిన పాలిస్టర్‌లో 1.6 గుణకంతో మిగిలేది 50, పాలీప్రొపిలీన్‌లో 4తో భాగిస్తే 20. కాబట్టి కొటేషన్‌లో పోల్చాల్సింది రోల్ బలాన్ని కాదు, డిజైన్ కాలానికి, మామూలుగా 75 లేదా 100 ఏళ్లకు, మీ మట్టిలో నిలిచే బలాన్ని. ఆ అంకె, దాని వెనకున్న సాగుడు పరీక్షల రిపోర్టు అడగండి. ఇవ్వలేనివాళ్లను పక్కన పెట్టండి.

పాలిస్టర్‌కు ఒక బలహీనత ఉంది: క్షారంలో నీటి వల్ల దాని అణు గొలుసులు తెగుతాయి. మట్టి పీహెచ్ 9 దాటితే వాడకండి. సున్నంతో బాగుచేసిన మట్టి, కొన్ని రకాల బూడిద, పచ్చి కాంక్రీటు తాకిడి, ఇవన్నీ ఆ కోవలోవే. పాలిస్టర్ నూలు అణుభారం 25,000కు పైన, కార్బాక్సిల్ ఎండ్ గ్రూపు (అణు గొలుసుల చివరి భాగాలు) కిలోకు 30 మిల్లీమోల్స్ లోపు ఉండాలని స్పెసిఫికేషన్‌లో రాయించండి. అలాంటి క్షార మట్టిలో హెచ్‌డీపీఈ తేలిగ్గా నిలుస్తుంది. రోల్స్ ఏవైనా ఎండలో పడేసి ఉంచకండి, తొడుగు కప్పే ఉంచాలి.

ప్రశ్న: నీరు పోవడానికి గోడలో వీప్ హోల్స్ (నీరు కారే కన్నాలు) వదిలితే చాలా? (పలువురు)

జవాబు: ప్యానెల్ గోడలో అతుకులన్నీ నీటికి దారులే, ప్రత్యేకంగా కన్నాలు అక్కర్లేదు. అతుకుల్లోంచి నీటితో పాటు మట్టి పోకుండా వెనక ఫిల్టర్ బట్ట అంటించడం ముఖ్యం. ఒక పట్టీ మీద ఇంకొకటి కనీసం 100 మి.మీ. ఎక్కాలి. బట్ట ఊడిన చోట ఏడాది తిరగకుండా ప్యానెల్ కింద సన్నమట్టి కుప్ప, పైన గుంత కనబడతాయి. బ్లాకు గోడకైతే బ్లాకు వెనక 300 మి.మీ. వెడల్పున కంకర నింపి, అడుగున కన్నాల గొట్టం పెట్టి, 1–2 శాతం వాలుతో బయటికి తీయాలి. గొట్టం చివర ఎక్కడ తేలుతుందో డ్రాయింగ్‌లో గుర్తించండి. మట్టిలో పూడిపోయిన చివర ఉన్నా లేనట్టే.

ఇవి ముఖం దగ్గరి ఏర్పాట్లు. నీరు ఎక్కువగా వచ్చేది మాత్రం వెనక నుంచి, పై నుంచి. కొండవాలును తవ్వి కట్టే గోడకు దిమ్మ వెనకా, అడుగునా డ్రైనేజీ పొర తప్పనిసరి. పైన వాన నీటిని కాలువ పెట్టి గోడ దాటించాలి. నీటి పైపును, డ్రైనేజీ పైపును గ్రిడ్ దిమ్మలో పెట్టనివ్వకండి. చిన్న లీకు చాలు, ఏ డిజైన్‌లోనూ లేని నీరు లోపల చేరుతుంది. తర్వాత ఆ పైపు రిపేరుకు ఎవరో గుంత తవ్వి గ్రిడ్‌లు తెంపుతారు. పని జరుగుతుండగా కూడా రోజు చివర పై పొరను ముఖానికి దూరంగా వాలేట్టు వదలండి. కట్టుతుండగానే ఒక్క రాత్రి వానకు ఉబ్బిన గోడలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: గోడ పూర్తయింది. పైన కంచె స్తంభాలకు గుంతలు తవ్వవచ్చా?

జవాబు: తవ్వితే పై రెండు పొరల గ్రిడ్ తెగుతుంది. పట్టు అంచు మీద ఉన్న పొరలు అవే అని పైన చూశాం. స్తంభాల చోట్లు ముందే తెలిస్తే మట్టి పోసేటప్పుడే గొట్టాలు నిలిపి గ్రిడ్‌ను వాటి చుట్టూ సర్దుతారు. వాహనాలు గుద్దుకునే అడ్డుగోడకైతే ప్యానెల్‌కు సంబంధం లేకుండా వెనకున్న కాంక్రీటు పలక మీద కూర్చోబెడతారు. గుద్దుడు బలం ఆ పలక బరువు మీదకు పోవాలి, ప్యానెల్ మీదకు రాకూడదు. ఇప్పటికే పూర్తయిన గోడకు డిజైన్ చేసినవాళ్లను అడగకుండా ఒక్క గుంత కూడా తవ్వకండి.

ప్రశ్న: ఇంటి వెనక మీటరు ఎత్తు బ్లాకు గోడకు గ్రిడ్ కావాలా?

జవాబు: వెనక నేల సమతలంగా, పైన బండి బరువు లేకుండా, మట్టి మంచిదై, కంకర డ్రైన్ ఉంటే బరువైన బ్లాకులతో ఒక మీటరు దాకా గ్రిడ్ లేకుండానే నిలుస్తుంది. మెట్లుగా రెండు గోడలు కడితే, పై గోడ కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం వెనక ఉండాలి. దగ్గరైతే అవి రెండు చిన్న గోడలు కావు, ఒక పెద్ద గోడ. డిజైన్ కూడా అలాగే చేయాలి.

ప్రశ్న: భూకంపానికి ఇవి తట్టుకుంటాయా?

జవాబు: బాగానే. జపాన్‌లో 1995 జనవరి కోబే భూకంపంలో తనాటా దగ్గర జియోగ్రిడ్‌తో కట్టిన రైల్వే గోడ కొద్దిగా కదిలి నిలబడింది, ఆ ప్రాంతంలో పాత తరహా రిటైనింగ్ గోడలు చాలా కూలాయి. దాని ముఖం పూర్తి ఎత్తు కాంక్రీటుది, మట్టి పని అయ్యాక పోసినది. విడి బ్లాకుల ముఖం అంత నమ్మకం కాదు: పై వరుస బ్లాకులు ఊడి పడవచ్చు.

ప్రశ్న: మా కాలనీ పక్కన మూడేళ్ల కిందటి బ్లాకు గోడ మధ్యలో పొట్టలా ముందుకు వచ్చింది. ప్రమాదమా? ఎలా తెలుసుకోవాలి? (ఇంజనీరు కాని పాఠకుడు)

జవాబు: కట్టేటప్పుడే వచ్చి ఆగిపోయిన ఉబ్బు వేరు, ఇంకా కదులుతున్న ఉబ్బు వేరు. తేల్చేది కొలత. పొట్ట ఉన్న చోట, దాని పైనా కిందా, పొట్ట లేని ఒక చోట గోడ మీద గుర్తులు పెట్టండి. గోడకు దూరంగా కదలని చోట ఒక ఆధారం ఎంచుకుని, ప్రతి నెలా ఒకసారి, పెద్ద వాన తర్వాత మరోసారి కొలిచి తేదీతో రాయండి. నెలల తరబడి మారకపోతే ఊపిరి పీల్చుకోవచ్చు. వాన పడ్డప్పుడల్లా కొద్దికొద్దిగా పెరుగుతుంటే లోపల నీరు చేరుతోంది.

పైన నేల మీద గోడకు సమాంతరంగా పగులు ఉందేమో చూడండి. ముఖానికి ఎంత దూరంలో ఉందో కొలవండి. గ్రిడ్ పొడవు దగ్గరి దూరంలో వచ్చిన పగులు దిమ్మ మొత్తం ముందుకు కదిలిందని చెబుతుంది, ముఖం పక్కనే ఉంటే దగ్గరి మట్టి కుంగిందని. బ్లాకుల మధ్య తడి మరకలు, సన్నమట్టి కారడం, వానలోనూ పొడిగా ఉండే డ్రైన్ గొట్టం, ఇవి మూడూ నీరు దారి తప్పిందనడానికి గుర్తులు.

ఇంజనీరు వచ్చేలోగా మీరు చేయగలిగినవి కొన్ని: పైన పగుళ్లను బంకమట్టితో మూసి నీరు దిగకుండా చేయడం, పైకప్పు నీళ్లు, కాలువ నీళ్లు అటు పారకుండా మళ్లించడం, అంచున బండ్లు ఆపకుండా, మట్టి గుట్ట పోయకుండా చూడటం. గోడ ముందు పాదం దగ్గర మట్టి మాత్రం తవ్వకండి, డ్రైన్ వెతకడానికి కూడా. కదలిక వారాల్లో కనబడేంత వేగంగా ఉంటే గోడ కింద, పైన మనుషులు తిరగకుండా గోడ ఎత్తుకు తగ్గని దూరం వరకు అడ్డు కట్టి, అదే రోజు కబురు చేయండి.